కాంటెస్సా కొన్నాను, డాష్‌బోర్డ్ విప్పేశాను, ఇప్పుడేం చేయాలి?

అనంతపురం నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పేరు, వీధి రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. వయసు 36, సొంతంగా మందుల షాపు నడుపుతున్నాడు, పెళ్లయి పదకొండేళ్లు, ఒక పాప. స్కూల్లో చదివే రోజుల్లో టవర్ క్లాక్ దగ్గర ఆగి ఉన్న ఒక నల్ల కాంటెస్సా కారు చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాడట, ఆ పొడుగు బానెట్ అప్పటి నుంచీ కళ్లలోనే ఉండిపోయింది. రెండు నెలల కిందట బెంగళూరులో 1995 మోడల్ కాంటెస్సా క్లాసిక్, 1.8 పెట్రోల్ బండి, 2,60,000 రూపాయలకు కొన్నాడు. అందులో సగం చీటీ పాడి తెచ్చిన డబ్బు. అక్కడి నుంచి నడుపుకుంటూ వస్తుంటే పెనుకొండ దాటాక టెంపరేచర్ సూది ఎర్ర గీతను తాకింది, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్క హోటల్లో బోరు నీళ్లు అడిగి పోసుకుంటూ, ఆగుతూ, రాత్రి పదకొండుకు ఇల్లు చేరాడు.

ఆ తర్వాత బండి మామగారి రేకుల షెడ్డులోకి చేరింది, శనక్కాయ మూటల పక్కన. మీటరే తప్పు చూపిస్తోందేమోనని బావమరిది స్నేహితుడు ఒకతను వచ్చి డాష్‌బోర్డ్ మొత్తం విప్పేశాడు, స్క్రూలన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో వేశాడు, మళ్లీ రాలేదు. బావమరిది ఏమో ఈ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ దింపుదాం, వెడల్పు అల్లాయ్ వీల్స్ వేసి బండిని కిందికి దించితే అసలైన స్పోర్ట్స్ కారులా ఉంటుంది, కాగితాల సంగతి వింటేజ్ కింద చూసుకోవచ్చు అంటున్నాడు. పెయింటర్ ముందు టింకరింగ్, పెయింటింగ్ చేయించమంటున్నాడు. ఊళ్లో పాత మెకానిక్ పెద్దాయన ఒకరు ఏదీ పెరకొద్దు, ముందు నడిచేలా చేయి అన్నారు. ఆర్‌సీలో ఉన్న పేరు అమ్మినతనిది కాదు, అతనికి ముందు ఓనర్‌ది, పైగా గడువు 2020లోనే అయిపోయింది. చేతిలో ఇంకో 1,50,000 ఉంది. భార్యకు మాత్రం బండి 1,40,000కే వచ్చిందని చెప్పాడు. "ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంజన్ ఉంచాలా మార్చాలా, ఎంతవరకు అప్‌గ్రేడ్ చేయొచ్చు, ఇంట్లో ఏం చెప్పాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్నా, ఒక్కోసారి తుక్కు కింద అమ్మేద్దామా అనిపిస్తోంది" అని ముగించాడు.

తమ్ముడూ, తుక్కు మాట పక్కన పెట్టు. బెంగళూరు నుంచి పెనుకొండ దాకా, వేడెక్కాక కూడా అక్కడి నుంచి అనంతపురం దాకా తన కాళ్ల మీద వచ్చిన బండి అది. అది చచ్చిన బండి కాదు. నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. నిన్ను నిద్ర పోనివ్వనిది రేడియేటర్ కాదని నాకనిపిస్తోంది. నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు, ఆ నాలుగూ ఒకేసారి చేయాలేమో అన్నట్టు ఉంది నీ ఉత్తరం. కాగితాలు, ఇల్లు, బండిని నడిపించడం, బండిని పెంచడం, ఇవి నాలుగూ వేరువేరు పనులు. నాలుగోది ఈ సంవత్సరం పని కానే కాదు. అది తీసేస్తే మిగిలింది మోయగలిగిన బరువే.

కాగితాలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దీని మీద నువ్వు రెండే రెండు వాక్యాలు రాశావు, ఇంజన్ మీద పేజీన్నర రాశావు. ఇంకో రూపాయి ఆ బండి మీద పెట్టే ముందు ఒక తెల్ల కాగితం, పెన్సిల్ తీసుకుని చాసిస్ నంబర్ మీద రుద్ది ప్రింట్ తీయి. ఇంజన్ నంబర్‌ది కూడా. రెండూ ఆర్‌సీలో ఉన్న అంకెలతో ఒక్కొక్కటిగా కలిపి చూడు. తర్వాత రవాణా శాఖ వాళ్ల పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి చూడు, ఫైనాన్స్ బాకీ ఉందా, బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారా అన్నది తెలుస్తుంది. మామూలుగా కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. నీ బండికి 2010లో, 2015లో ఆ పని ఎవరో శ్రద్ధగా చేయించారు, 2020లో వదిలేశారు. అంటే చట్టం లెక్కలో ఈ రోజు అది రోడ్డు ఎక్కకూడని బండి, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయడానికి అదొక్కటే చాలు.

నీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అమ్మినతన్ని పట్టుకుని ఆ పాత ఓనర్ దగ్గరికి వెళ్లడం, ఆయన చేత కర్ణాటకలోనే రెన్యువల్ చేయించి, ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని, ఓనర్ పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఇక్కడికి తెచ్చుకోవడం. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఎలాగూ ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. ఖర్చు చిన్నదేం కాదు, 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 2025లో 10,000కు పెంచారు, ఆలస్యానికి పడేది వేరు, మన రాష్ట్రంలో కట్టాల్సిన టాక్స్ వేరు. ఆ లెక్క ఏజెంట్ నోటి నుంచి వినకు, ఆర్టీవో ఆఫీసు కౌంటర్‌లో అడిగి రాసుకో. రెండో దారి, ఆ ఓనర్ దొరకడు, లేదా నంబర్లు కలవవు అంటే, బండి వెనక్కిచ్చి డబ్బు అడగడం. నువ్వు డబ్బు పంపిన రుజువు, అమ్మినతనితో జరిగిన మెసేజ్‌లు ఇవాళే భద్రం చేసుకో. రెండు నెలలంటే ఇంకా మాట నిలబడే సమయమే, ఏడాది దాటితే నీ గొంతు తగ్గుతుంది. మూడోది, కాగితాలు లేకుండానే షెడ్డులో పెట్టుకుని ఆనందించడం. అలా చేసేవాళ్లున్నారు, తప్పు పట్టను, కానీ నువ్వు చీటీ పాడి కొన్న మనిషివి, నీకు ఆ దారి సరిపోదు.

వింటేజ్ కింద రాయించడం కుదరదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉండాలి. కాంటెస్సా మొదట బయటికొచ్చిందే 1984లో. నీ బండికి ఆ అర్హత 2045లో వస్తుంది. ఇది మీ బావమరిదికి కోపం లేకుండా చెప్పు, తెలియక అన్న మాటే అది.

ఇక ఇంజన్. ఈ బండి సంగతి కాస్త వెనక్కెళ్లి చెప్పాలి. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ విక్టర్ అనే కారు ఉండేది, దాని అచ్చులు తెచ్చుకుని హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కాంటెస్సా చేశారు. మొదట్లో అందులో పెట్టింది అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనే. అదే సైజు, అదే వంశం ఇంజన్‌తో 1955లో ఇంగ్లండ్‌లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది, జనం ఎగబడి కొన్నారు. అక్కడ చిన్న తేలికైన బండిని పరుగెత్తించిన ఇంజన్ ఇక్కడ ఇంత పెద్ద బాడీని లాగలేక ఆయాసపడింది. అందుకే తర్వాత జపాన్ ఇసుజు 1.8 ఇంజన్, ఐదు గేర్ల పెట్టె తెచ్చి క్లాసిక్ అని పేరు పెట్టారు. 88 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద అది చిన్న విషయం కాదు. 2002లో తయారీ ఆపేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ బావమరిది తీసి పారేద్దాం అంటున్నది సరిగ్గా ఆ బండికి ప్రాణం పోసిన ఇంజన్‌నే. మన దేశంలో అమ్ముడైన పాత బండ్లలో, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కాకపోయినా, మజిల్ కారు (కండబలం ఉన్న బండి) అన్న పేరు దీనికి జనం ఊరికే ఇవ్వలేదు.

డీజిల్ ఇంజన్ దింపితే ఏమవుతుందో చెప్తా, తర్వాత నీ ఇష్టం. ఇంజన్ బరువు మారుతుంది, దానితో ముందు స్ప్రింగులు, బ్రేకులు, మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్ అన్నీ మార్చాల్సి వస్తుంది. ఒక పని అనుకున్నది పది పనులవుతుంది, నీ 1,50,000 మధ్యలోనే అయిపోతుంది, అప్పుడు పాత ఇంజన్ కింద, కొత్త ఇంజన్ పైన, బండి ఎటూ కాకుండా ఆగిపోతుంది. నేను చూసిన షెడ్డుల్లో అలా ఆగిపోయిన బండ్లే ఎక్కువ. ఇంజన్ మార్చాలంటే ముందుగా ఆర్టీవో అనుమతి కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పటికే కాగితాలు వంకరగా ఉన్న బండికి ఇంకో వంకర తగిలించుకున్నట్టవుతుంది. ఇంజన్ నిజంగా పాడైందని తేలితే అప్పుడు కూడా మొదటి మాట దీని సిలిండర్ల లోపలి గోడలనే మళ్లీ చెక్కించి బోరు చేయించడం, రెండో మాట ఇదే మోడల్ ఇంజన్ వెతకడం.

పాడైందో లేదో ఎలా తెలుసుకోవాలి? ముందు ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడు. నల్లగా జిడ్డుగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన కాఫీ రంగులో మెత్తగా పేరుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచటి పొర) పోయి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి చూడు, బుడగలు ఆగకుండా వస్తుంటే అదీ అదే గుర్తు. వేడి మీద మాత్రం ఆ మూత జోలికి వెళ్లకు, మొహం కాలుతుంది. సైలెన్సర్ నుంచి స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అరిగినట్టు, యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, కొలిపించి చూపించు. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకపోతే ఇంజన్ ఒంట్లో బలం ఉన్నట్టే. ఒకదాంట్లో తక్కువ వస్తే ఆ ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడమను, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు, లేదా హెడ్ గాస్కెట్. ఈ పరీక్షలన్నిటికీ కలిపి ఒక పూట పట్టదు. ఇవి చేయకుండా ఇంజన్ గురించి ఎవరు ఏం చెప్పినా వినకు.

పెనుకొండ దగ్గర వేడెక్కిన దానికి నా అనుమానం ముందుగా రేడియేటర్ మీదికే పోతుంది. మన బోరు నీళ్ల సంగతి నీకు తెలియంది కాదు, పప్పు ఉడకదు, నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లగా పొర కడుతుంది, చెంచాతో గీకితే గానీ రాదు. ముప్పై ఏళ్లుగా దారిలో ఎక్కడ పడితే అక్కడి నీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాల్లో అదే పొర ఉంటుంది. దానికి ఎండ, 44వ నంబర్ జాతీయ రహదారి మీద దూరపు పరుగు తోడైతే సూది ఎర్ర గీత తాకక ఏం చేస్తుంది. తక్కువ ఖర్చు పనితో మొదలుపెట్టు. రేడియేటర్ మూత మార్చు, దాని లోపలి రబ్బరు, స్ప్రింగు అలిసిపోతే ప్రెషర్ నిలవదు, నీళ్లు ముందే మరుగుతాయి. ఫ్యాన్ బెల్ట్ బిగువు చూడు. హోస్ పైపులు చేత్తో నొక్కి చూడు, గట్టిపడి పగుళ్లు తేలితే మార్చేయి. అప్పటికీ తగ్గకపోతే రేడియేటర్ దించి, పైకప్పు విప్పి గొట్టాలు శుభ్రం చేయించు, లేదా లోపలి కోర్ కొత్తది వేయించు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం, ఇక ఎప్పటికీ బోరు నీళ్లు వద్దు. ఇంకో మాట, మన వైపు ఎండలకు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వు) అక్కర్లేదని పీకేసే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. నీ బండిలో ఉందో లేదో చూడమను, లేకపోతే పెట్టించు. అది లేకపోతే ఇంజన్ చల్లగా పరుగెత్తి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదలా ఎక్కువే.

కానీ రేడియేటర్ కంటే ముందు బ్రేకులు. ఇది ఎంత గట్టిగా చెప్పినా నాకు తృప్తి ఉండదు. నేను మొదట కొన్న పాత బండి ప్రీమియర్ పద్మిని కారు. కొన్న నెలకే రంగు వేయించాను, సీట్లు కుట్టించాను, అద్దాల్లా మెరిసింది. కర్నూలు నుంచి డోన్ వెళ్తుంటే వెల్దుర్తి దాటాక ముందు లారీ నెమ్మదించింది, నేను బ్రేక్ తొక్కితే పెడల్ పిండిలో కాలు దిగినట్టు మెత్తగా అడుగుదాకా పోయింది. గేరు దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పక్కనున్న కంకర కుప్పలోకి తిప్పాను. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆమెకు దెబ్బ తగల్లేదు, కానీ ఆ రోజు తర్వాత ఏడాది పాటు ఆ బండి ఎక్కలేదు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పు చిరిగిపోయింది, అంత చిన్న ముక్క.

నీ బండికి కూడా మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు విప్పించి కిట్లు మార్పించు, బ్రేక్ లైనర్లు చూపించు. రబ్బరు హోసులు వంచి చూడు, వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనబడితే అవి పోయినట్టే. పైకి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోతాయి, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగడానికి అదొక కారణం. వయసు తెలియని హోసులు మార్చేయడమే మంచిది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, పాతది మొత్తం తీసి కొత్తది పోయించు, రెండేళ్లకోసారి మారుస్తూ ఉండు. అది బాడీ మీద చిందితే రంగు లేచిపోతుంది, గుడ్డ దగ్గర పెట్టుకో. టైర్ల పక్కన నాలుగంకెలు చూడు, 2314 అని ఉంటే 2014లో 23వ వారం అని అర్థం. గాట్లు ఎంత లోతుగా కనబడినా పదేళ్ల టైరును హైవే ఎక్కించకు.

అనంతపురం ఒక రకంగా పాత బండికి మంచి ఊరు. వానలు తక్కువ, గాలిలో ఉప్పు లేదు, తుప్పు నెమ్మది. కానీ నీ బండి మొన్నటిదాకా ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు కాబట్టి మ్యాట్లు ఎత్తి ఫ్లోర్, తలుపుల కింద అంచులు, డిక్కీలో స్టెప్నీ గుంట చూడు. ఒక అయస్కాంతం గుడ్డలో చుట్టి బాడీ మీద నడిపించు, పట్టుకోని చోట రంగు కింద పుట్టీ ఉంది. తుప్పు నెమ్మదైనా మన ఎండకు రబ్బరు మాత్రం బతకదు, సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే బుష్‌లు, అద్దాల చుట్టూ బీడింగ్, పెట్రోలు పైపులు అన్నీ ఎండి పెళుసవుతాయి. పెట్రోలు పైపుల సంగతి మరీ ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, నీ బండి పుట్టినప్పుడు అది లేదు. పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది, కారేలా చేస్తుంది, కారిన చుక్క వేడి సైలెన్సర్ మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇథనాల్ తట్టుకునే పైపు అని అడిగి ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా మొత్తం మార్పించు, పంపు డయాఫ్రం, కార్బరేటర్ కిట్ కూడా. ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు తీసేయించు, అడుగున తుప్పు పొడి ఉంటే కడిగించు. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి తెస్తుంది కాబట్టి ఫిల్టర్ ఒకటి అదనంగా కొనిపెట్టుకో. ఒక చిన్న ఫైర్ సిలిండర్ సీటు కింద ఉండాలి.

ఇప్పుడు ఆ డాష్‌బోర్డ్. శనక్కాయ మూటలున్న చోట ఎలుకలు ఉంటాయి, ఎలుకలకు వైర్ల మీది తొడుగు అంటే ఇష్టం. రేపే మూటలైనా జరిపించు, బండినైనా జరుపు. బ్యాటరీ వైరు తీసేయి. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో పాతిక ఫొటోలు తీసుకో, ఏ రంగు వైరు ఎక్కడ వేలాడుతోందో. మంచి ఎలక్ట్రీషియన్ దొరికేదాకా ఒక్క వైరు కూడా మెలిపెట్టి టేపు చుట్టనివ్వకు. ఇకనుంచి ఏది విప్పినా ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి పైన కాగితం అంటించు. నీ షాపులో మందుల కవర్లకు కొదవ లేదు, అంటించి రాయడం నీకు చేతి అలవాటే. విరిగిన ముక్క కూడా పారేయొద్దు. ఇంజన్ సామాను వెతికితే దొరుకుతుంది, బెంగళూరు జేసీ రోడ్‌లో స్పేర్ల షాపులు తిరగాలి, శివాజీనగర్ గుజరీలో (పాత సామాను బజారులో) పాతవి చూడాలి. కానీ వెనక లైట్ల అద్దాలు, క్రోమ్ పట్టీలు, తలుపు హ్యాండిళ్లు, ముందు గాజు, ఇవి దొరకడం కష్టం, దొరికినా అమ్మేవాడు చెప్పిందే ధర. నమూనా చేతిలో ఉంటేనే ఇంకొకటి చేయించుకోగలవు.

పెయింటర్ మాట ఎందుకు కాదంటున్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. రంగు వేశాక ఇంజన్ దించాల్సి వస్తే ముందు గీతలు పడేది ఆ రంగు మీదే. ఆ పాత మెకానిక్ పెద్దాయన్ని వదులుకోకు. ముందు నడిచేలా చేయి అన్న మనిషి నీ జేబు గురించి కూడా ఆలోచిస్తున్నాడు. కాగితాలు తేలాక, బ్రేకులు, టైర్లు, కూలింగ్, పెట్రోలు పైపులు, వైరింగ్ అయ్యాక, రాప్తాడు దాకా వెళ్లి రా, తర్వాత తాడిపత్రి, తర్వాత గుత్తి. వెయ్యి కిలోమీటర్లు నడిపితే బండే చెబుతుంది ఏది కావాలో. నీకు ఏ మోత వినిపించిందో, ఎంత పెట్రోలు తాగిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కూర్చుని కాగితం మీద రాసుకున్న అప్‌గ్రేడ్లలో సగం ఆ వెయ్యి కిలోమీటర్లలో పక్కకు పోతాయి.

అప్పుడు కూడా నా కొలత ఒకటే. మళ్లీ వెనక్కి మార్చగలిగేవి నిర్భయంగా చేసుకో. హెడ్‌లైట్లకు రిలేలు (స్విచ్ బదులు కరెంటు భారం మోసే చిన్న పెట్టెలు) వేయించు, వెలుతురు తేడా నీకే తెలుస్తుంది, స్విచ్ మీద భారం తగ్గుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాతకాలపు పాయింట్లుంటే వాటి బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి బ్రేక్ ప్యాడ్లు, సరైన సైజు రేడియల్ టైర్లు, కొత్త షాకబ్జర్లు, కొత్త బుష్‌లు. ఒక్క బుష్‌లు, షాకబ్జర్లే మూల తిరిగేటప్పుడు ఆ బండిని ఎంత మారుస్తాయో, నువ్వు కోరుకుంటున్న స్పోర్ట్స్ కారు తీరు అందులోనే ఎక్కువ ఉంది. స్ప్రింగులు కోసి కిందికి దించడం, వెడల్పు చక్రాల కోసం మడ్‌గార్డ్ అంచులు కోయడం, ఇవి వెనక్కి రావు. మన స్పీడ్‌బ్రేకర్ల మీద కిందికి దించిన బండి సైలెన్సర్ ఎన్ని రోజులుంటుంది? మీ బావమరిదికి నిజంగా బండ్ల మీద ప్రేమ ఉంటే ఆ అబ్బాయికి పని అప్పగించు, జేసీ రోడ్ తిరిగి సామాను వెతికే పని. వద్దు అంటే నొచ్చుకుంటాడు, ఇది చేసిపెట్టు అంటే నీ వైపు ఉంటాడు.

ఇంట్లో సంగతి చివరికి ఉంచాను, తేలికని కాదు. నువ్వు దాచింది 1,20,000. చీటీ కంతులు ఇంకా నెలనెలా కట్టాలి కదా, అవి షాపు గల్లా నుంచే పోతాయి, ఆ అమ్మాయికి లెక్క తెలియకుండా ఎన్ని నెలలు నడుస్తుంది? పైగా బండి ఉన్నది వాళ్ల నాన్న షెడ్డులో, ధర తెలిసిన బావమరిది అక్కడే తిరుగుతున్నాడు. తమ్ముడి నోటి నుంచి అక్కకు తెలిస్తే ఆమెకు బాధ డబ్బు గురించి ఉండదు, నలుగురికీ తెలిసి తనకు తెలియలేదని ఉంటుంది. చెప్పకుండా నెట్టుకురావడం ఒక దారే, కానీ అప్పుడు ప్రతి స్పేర్ బిల్లుకూ ఇంకో అబద్ధం కావాలి. బండి నడిచాక, మెరిశాక చెబుదాం అనుకుంటున్నావేమో, అందులో ఆశ ఉంది, నిజం, కానీ ఆ రోజుకి దాచిన మొత్తం ఇంకా పెరిగి ఉంటుంది.

నన్నడిగితే ఈ వారమే కూర్చుని చెప్పు. ఊరికే క్షమించు అనకు, కాగితం మీద లెక్క రాసి చూపించు, ఎంతకు కొన్నావు, చీటీ ఎన్ని నెలలుంది, చేతిలో ఎంతుంది. ఆ 1,50,000లో 50,000 ఇంటికి పక్కన పెట్టేయి, దాన్ని ముట్టుకోనని ఆమెకు అప్పగించు. మిగిలిన లక్షలోనే కాగితాలు, బ్రేకులు, కూలింగ్, పైపులు. లక్ష అయిపోతే మళ్లీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేదాకా బండి ఆగుతుంది. కోప్పడుతుంది, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, అమ్మేయమనొచ్చు కూడా. అమ్మేయమంటే ఆ మాట కొట్టిపారేయకు. కాగితాలు సరిచేసి, నడిచే స్థితిలో అమ్మితే నీ డబ్బు చాలావరకు వెనక్కి రావచ్చు, ఇప్పుడున్నట్టు విప్పి పడేసి అమ్మితే తుక్కు ధరే. అంటే ఉంచుకున్నా, అమ్మినా ముందు చేయాల్సిన పని ఒకటే, అది ఆమెకు కూడా చెప్పొచ్చు.

పెన్సిల్ ప్రింట్ తీశాక ఆ అంకెలు ఆర్‌సీతో కలిశాయో లేదో నాకు ఒక్క ముక్క రాయి. ఆయిల్ మూత లోపలి వైపు ఫొటో కూడా పంపు. నంబర్లు కలవకపోతే మాత్రం బండి మీద చెయ్యి వేయకు, ఇంకో స్క్రూ కూడా విప్పొద్దు, అమ్మినతనితో ఏం మాట్లాడాలో ముందు చూద్దాం.